మా సముద్రపు ఉప్పు

మా అన్న జెంగిస్ తాష్కెంట్ నుంచి వేలెడంత సముద్రపు గుర్రాలు రెండు తెచ్చాడు. గాజుతొట్టి అమర్చి, అవి తోకలు చుట్టుకోవడానికి ప్లాస్టిక్ కొమ్మ నిలబెట్టాం. తొట్టి నీళ్ల కోసం అన్న తెచ్చిన ఉప్పు ప్యాకెట్ మాత్రం నేను విప్పలేదు. ఎండిపోయిన మా అరాల్ సముద్రపు ఉప్పు గాలికి కొట్టుకొచ్చి కిటికీ గట్టున పేరుకుంటుంది. అదే ఊడ్చి నీళ్లలో కలిపాను.

"మతి పోయిందా ఐసానెం? అందులో పత్తి చేలకు కొట్టిన మందంతా ఉంది. చస్తాయవి."

"ఊరు ఊరంతా అదే పీలుస్తోందన్నా. వీటికి రాచమర్యాదలా?"

గుర్రాలు చావలేదు. నీళ్లు తగ్గాయి. తొట్టి కింద నేల పొడిగానే ఉంది, గాజు మీద మాత్రం ఒడ్డు వెనక్కి జరిగినట్టు రోజుకో తెల్లటి గీత. మా నదుల్ని పత్తికి మళ్లించి సముద్రాన్ని తాగేసిన వాళ్లను తిట్టుకుంటూ, ఈ రాత్రి టీ పోసుకుని తొట్టి ముందు కాపలా కూర్చున్నాను.

గోడలో కాలువ పారుతున్న చప్పుడు మొదలైంది. అది పత్తి చేల వైపే పోతోంది. నా కళ్లముందే తొట్టిలో నీళ్లు దిగుతున్నాయి. గుర్రాలు కొమ్మను వదిలేసి ఒకదాని తోకను ఒకటి చుట్టుకున్నాయి. బకెట్ నీళ్లు గుమ్మరించాను. మట్టం పెరగలేదు.

"సముద్రాన్ని తాగారు, కడుపు నిండలేదురా? ఈ రెండు ప్రాణాలనైనా వదలండి."

చప్పుడు ఆగింది, ఎవరో విన్నట్టు.

బల్ల మీది టీ గిన్నె చూశాను. ముట్టనే లేదు, అయినా అది ఖాళీగా ఉంది. లోపల తెల్లటి గీత.

మళ్లీ తిట్టబోయి నోరు తెరిచాను. నాలుక కదల్లేదు. దాని మీద ఉప్పు అట్టకట్టింది.