నవ్వితే వెలిగే మ్యూజియం

మ్యూజియం కట్టించిన దాతగారి ట్రస్టు, కొత్తగా పెళ్లయిన మాకు దాని కుటుంబ పాస్ ఉచితంగా ఇచ్చిందని ఫోన్ చెప్పగానే, పప్పు గరిటెతోనే గంతేశాను.

లోపలికెళితే అంతా చీకటి. ప్రతి వస్తువు పక్కనా శాలువా కప్పుకున్న దాతగారి ఫోటో. దాన్ని చూసే ముఖంలో కృతజ్ఞత కనిపిస్తేనే దీపం వెలుగుతుంది. మావారు ఎంత పళ్లికిలించినా శాతవాహనుల కుండ చీకట్లోనే ఉండిపోయింది.

"ఏవండీ, కాస్త మనసారా నవ్వండి. నాకా కుండ చూడాలనుంది."

"ఆయన మీసాలు చూడు సుమేధా, వాడిపోయిన వంకాయ తొడిమల్లా లేవూ!"

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. హాలంతా దీపాలు వెలిగాయి. కుండ ఎంత ముద్దుగా ఉందో!

"ఈ నెల అత్యంత కృతజ్ఞత గల కుటుంబం మీదే," అంది గోడ. "రేపు దాతగారే వచ్చి మీకు సన్మానం చేస్తారు."

మావారు నీరుగారిపోయారు. "ఆయన ముందు కృతజ్ఞత ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"కంగారెందుకండీ? రేపు కూడా మీసాలే చూద్దాం."