మాటకు కట్టుబడ్డ ఖైదీ

“మీ ఆయనలాంటి మనిషి దొరకాలంటే రాసిపెట్టుండాలండీ, మేడమ్!” స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి చూస్తూ అంది తోటి లెక్చరర్ స్పందన.

కాలేజీ గేటు ముందు కారులో రామనాథం కూర్చుని ఉన్నాడు. రోజూ భార్య జయశ్రీని ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం తనే తీసుకొస్తాడు. క్లాసులయ్యేదాకా కదలడు. మధ్యాహ్నం లోపలికొచ్చి, ఆమె పక్కనే కూర్చుని, కొసరి కొసరి తినిపిస్తాడు. ఆమె ఫోను కూడా ఆయన దగ్గరే. “పాఠం చెప్పే మనిషికి ఆ చికాకెందుకండీ” అంటాడు.

భీమడోలు నుంచి పాసింజర్‌లో నలిగి వచ్చే స్పందనకు ఆ కారును చూస్తే కాస్త ఈర్ష్యే.

“ఇక హాయిగా రెస్టు తీసుకోండి. మీ ఒంట్లో బాగోలేదని, రేపట్నుంచి రారని పొద్దున్నే సారు ప్రిన్సిపాల్‌గారికి చెప్పేశారటగా.”

జయశ్రీ మొహం పాలిపోయింది. లేచి క్లాసుకు నడిచింది. కంగారుపడి స్పందనా వెంట వెళ్లి, వెనక బెంచీలో కూర్చుంది.

నెపోలియన్ యుద్ధాల పాఠం. శత్రుసేన ఆనుపానులు కనిపెట్టే ఇంగ్లీషు అధికారి ఒకడు. మారువేషాలు వేసేవాడు కాదు. తన సైన్యపు ఎర్రకోటుతోనే ఫ్రెంచివాళ్ల మధ్య తిరిగేవాడు. చివరికి ఓ ఏటి ఒడ్డున దొరికిపోయాడు. ఫ్రెంచి సేనాని అతన్ని కట్టేయలేదు. తన బల్ల దగ్గరే భోజనం పెట్టాడు. పారిపోనని మాట తీసుకున్నాడు. చుట్టూ మనుషుల్ని పెట్టి, నీ రక్షణ కోసమే అన్నాడు.

“ఫ్రాన్సు సరిహద్దు దాటగానే సంకెళ్లు వెయ్యమని ఆ సేనానే చాటుగా కబురు పంపాడు. అది తెలిశాక, అదను చూసి ఆ అధికారి తప్పించుకున్నాడు.” జయశ్రీ పుస్తకం మూసేసింది.

మానస అనే అమ్మాయి లేచింది. “మాటిచ్చి తప్పొచ్చాండీ, మేడమ్?”

జయశ్రీ కిటికీలోంచి గేటు ముందున్న కారు వైపు చూసింది. వెంటనే చూపు తిప్పేసుకుంది.

“మాట తీసుకున్నవాడే ముందు తప్పాడమ్మా.”

గంట కొట్టారు. పిల్లలంతా వెళ్లిపోయారు. జయశ్రీ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. స్పందన దగ్గరికెళ్లి, “కళ్లు తిరుగుతున్నాయాండీ? సారుని పిలుచుకొస్తానుండండి” అంది.

జయశ్రీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆయన కంటపడకుండా నన్ను వెనక గేటు నుంచి పోలీస్ స్టేషన్‌కి చేర్చగలవా, స్పందనా?”