మైలేజీ పిచ్చి

“అత్తకి చెమట్లు పట్టేస్తన్నాయి బావా, కొంచెం బేగి పోనియ్యి!”

వెనక సీట్లోంచి రేవతి మొగుడి మీద అరిచింది. ఆమె ఒళ్లో తలపెట్టుకుని అత్తగారు అచ్చియ్యమ్మ గుండె పట్టుకుని మూలుగుతోంది. రోలుగుంట నుంచి చోడవరం ఆసుపత్రికి దారి ఇంత పొడుగని రేవతికి ఎప్పుడూ అనిపించలేదు.

బుచ్చయ్యపేట దాకా ఉమామహేష్ బాగానే నడిపాడు. అక్కడేమైందో గానీ, వేగం తగ్గించేశాడు.

“పెట్రోలు తక్కువుందే. మెల్లగా పోతేనే సేరతాం.”

రేవతికి ఒళ్లు మండిపోయింది. మొగుడి మైలేజీ పిచ్చి ఊరంతటికీ తెలుసు. పెళ్లిచూపుల్లో కూడా తన కారు లీటరుకి ఎంతిస్తుందో చెప్పిన మహానుభావుడు! కన్నతల్లి ప్రాణం మీదికొచ్చినా అదేనా?

ముందు గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే చెరుకు ట్రాక్టరు కనిపించింది. అది అల్లంత దూరంలో ఉండగానే అతను యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, గేరు తగ్గించాడు. ఇంజిన్ గుర్రుమంది.

“దాటించీ బావా!”

“దగ్గిరికెళ్లి బ్రేకేసి మళ్లీ తొక్కితే ఎక్కువ తాగేస్తాది. ముందే కాలు తీసేసి గేర్లోనే ఒదిలేస్తే తాగదు.”

“ఇప్పుడా పాఠాలేటి?”

అచ్చియ్యమ్మ కళ్లు తెరిచింది. “ఏటయ్యిందిరా బాబూ?”

“ఏటీ లేదమ్మా. నీ కొడుకు పిసినారితనం, అంతే. నువ్వు కళ్లు మూసుకో,” అన్నాడు ఉమామహేష్.

ఆవిడ బెదిరితే ప్రమాదమని డాక్టరు ఎప్పుడో గట్టిగా చెప్పాడు. రేవతి గొంతు తగ్గించుకుంది.

ఇంతలో ఎడమ పక్కన పెట్రోలు బంకు వచ్చింది.

“అదిగో బంకు! కొట్టించీ!”

కారు ఆగలేదు. బంకు వెనక్కి వెళ్లిపోయింది.

“ఆగి మళ్లీ కదిలితే ఇంకా తాగేస్తాది,” అన్నాడతను అద్దంలోకైనా చూడకుండా.

“పెట్రోలు లేదంటావు, బంకులో ఆగవు! మతి పోయిందేటి నీకు?” రేవతికి ఏడుపొచ్చేసింది. అత్త చెయ్యి చల్లబడుతోంది. ఈ మనిషికి భయమన్నదే లేదా?

ఊళ్లోకి వచ్చేసరికి హారన్ మీంచి అతను చెయ్యి తియ్యనేలేదు. జనం తిట్టుకుంటూ పక్కకి తప్పుకున్నారు. ఆసుపత్రి గేటు దాటి, ఎత్తుగా ఉన్న ర్యాంపు మీదికి కారు మెల్లగా ఎక్కి, ఇంజిన్ ఆగిపోయి, ఒక్క కుదుపుతో నిలబడింది. అచ్చియ్యమ్మను స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లారు.

“పరవాలేదమ్మా, టైముకే తెచ్చేరు,” అని డాక్టరు చెప్పాక రేవతి బయటికొచ్చింది. ఉమామహేష్ ఇంకా స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు.

“ఇప్పుడిలా కూకుంటే ఏటి లాభం? నీ దిక్కుమాలిన పెట్రోలు కోసం మీ అమ్మని సంపేసీవోడివి!”

“ట్యాంకు నిండా ఉందే.”

“మరి?”

అతను ఆసుపత్రి తలుపు వైపు చూసి, అమ్మకి వినిపించదని నమ్మకం కుదిరాక చెప్పాడు.

“బుచ్చయ్యపేట కాడే బ్రేకులు పోయేయి.”