గురువారం ప్రశ్న

గురువారం వచ్చిందంటే చాలు, తన్వీర్‌కు తలనొప్పి.

పుంగనూరు ఆవుల సంఘం ఆఫీసు మెట్లెక్కి ఒక ముసలాయన వస్తాడు. ఫలానా ఆవుకు తల్లి ఎవరని అడుగుతాడు. జవాబు వినగానే తలూపి వెళ్లిపోతాడు. కుర్చీ చూపినా కూర్చోడు.

ఆ సంఘం పనే అది. పుంగనూరు పొట్టి ఆవుల్లో ఏది ఏ తల్లికి పుట్టింది, ఏ ఆంబోతుకు పుట్టింది, మూడు వేల చిల్లర ఆవుల వంశమంతా సర్వర్‌లో దాచిపెట్టడం. తన్వీర్ రోజూ మదనపల్లె నుంచి బస్సులో వచ్చి ఆ సర్వర్‌ను చూసుకుంటాడు.

ముసలాయన పేరు బీరప్ప అని మాత్రం తెలుసు. దూడల బేరగాడై ఉంటాడని తన్వీర్ అనుకున్నాడు. ఇక్కడ కూపీ లాగి సంతలో గొప్పలు పోయే రకం. పని లేకుండా ఊరికే వస్తారా ఎవరైనా!

ఒకసారి బీరప్ప ఆ సర్వర్ యాడుంటాదని అడిగాడు. ముంబైలో అన్నాడు తన్వీర్. అదీ నిజం మిషన్ కాదు, ఒక పెద్ద మిషన్ తనలో తాను ఊహించుకున్న చిన్న మిషన్ అన్నాడు.

ముసలాయన కిటికీలోంచి మబ్బుల్ని కాసేపు చూశాడు.

"అంటే కల అన్నమాట. కల తెల్లారితే గుర్తుండదు గదా నాయనా?"

రోజూ నకలు తీస్తామని, దాన్ని బ్యాకప్ అంటారని తన్వీర్ గొప్పగా చెప్పాడు.

"విత్తనాలు దాపెట్టినా, తడిగుడ్డలో మొలక కట్టి సూసుకోవల్ల. నువ్వు సూసినావా?"

చూడలేదు. ఎవరు చూస్తారు! నవ్వి ఊరుకున్నాడు.

ఇంకో గురువారం, కుప్పంలో వనిత అనే రైతు దగ్గరున్న ఎర్రావు సంగతి వచ్చింది. దాని తల్లి గంగి అని తన్వీర్ చదివాడు. ముసలాయన తలూపలేదు.

"గంగి గాదు నాయనా. సుక్కలావు."

తన్వీర్‌కు చిర్రెత్తింది. కంప్యూటర్ కంటే నీకు ఎక్కువ తెలుసా అన్నాడు. ఇంక రావద్దన్నాడు.

బీరప్పకు చెప్పులు తొడుక్కోవడానికే చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత గురువారాలు హాయిగా గడిచాయి.

రెండు నెలలకు ముంబైలో ఆ పెద్ద మిషన్ చెడిపోయింది. తన్వీర్ ఏమీ కంగారు పడలేదు. నిన్నటి బ్యాకప్ తెరిచాడు. ఖాళీ. మొన్నటిది తెరిచాడు. అదీ ఖాళీ. ఏడాదిగా తన్వీర్ అయ్యగారు రోజూ ఠంచనుగా ఖాళీ డబ్బాలకు మూతపెట్టి దాస్తున్నారు!

సంఘానికి కొత్తగా వచ్చిన పశువుల డాక్టర్ లక్ష్మీపతి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తల్లి ఎవరో తెలియకుంటే అన్నాచెల్లెళ్లకే జత కడతాం, నాలుగు తరాల్లో ఈ జాతే ఉండదు అని మాత్రం అన్నాడు.

తన్వీర్‌కు ఏడుపొక్కటే తక్కువ.

తనకు ముందు ఆ పని చేసిన ఫర్జానా, బెంగళూరు వెళ్లిపోతూ ఒక నకలు పుట్టింట్లో దాచిందని ఫోన్లో తెలిసింది. కుప్పం పరిగెత్తాడు. ఆమె తల్లి అజీజాబీ బీరువాలోంచి గుడ్డలో చుట్టిన డిస్కు తీసిచ్చింది. మూడేళ్ల కిందటిది.

ఆఫీసుకొచ్చి, కొత్త సర్వర్ అద్దెకు తీసుకుని, నకలును అందులోకి ఎక్కించడం మొదలుపెట్టాడు. గంటలు పట్టే పని. ఈ మూడేళ్లలో పుట్టిన దూడలు అందులో ఎలాగూ లేవు. వాటి సంగతి ఎవరికి తెలుస్తుంది? బేరగాళ్లకే తెలుస్తుంది.

కాళ్లు పట్టుకునైనా అడుగుదామని బీరప్ప ఊరు కనుక్కుని వెళ్లాడు. మధ్యాహ్నపు ఎండలో గుట్టలు నీళ్లలోలాగా కదులుతున్నాయి. నడుమెత్తు కూడా లేని తెల్లావులు దారి పొడుగునా పక్కనే నడిచాయి. మేలుకునే ఉన్నానా అని తన్వీర్‌కే అనుమానం వచ్చింది.

బీరప్ప చనిపోయి ఆ రోజుకు పదకొండు రోజులు.

"కంప్యూటరు పిల్లోడివి నువ్వేనా నాయనా?" అంది ఆయన భార్య లక్ష్మీదేవమ్మ. "నీ కాడికి వచ్చిపోయినప్పుడల్లా, ఈ పొద్దు గూడా సరిగ్గా సెప్పినాదే అని మా ఆయప్ప సంబరపడతా ఉండె. కడాన మాత్రం, అది మర్సిపోతా ఉండాదే అని ఒకటే దిగులు."

తన్వీర్‌కు అర్థం కాలేదు.

తిరిగొచ్చేసరికి పాత ఆవులన్నీ తెరమీద ఉన్నాయి. వెంటనే వనిత ఎర్రావును వెతికాడు. తల్లి చుక్కలావు. మొన్న ఎండాకాలం తాను వరసలు సర్దినప్పుడే తారుమారైంది.

ఆ పక్కన, తన జాబితాలో లేని గడి ఒకటి కనిపించింది. 'చెప్పినవారు'. పనిలో చేరిన కొత్తలో, అన్ని వరసల్లోనూ ఒకే మాట ఉంటే దండగ అని, అదేమిటో చదవకుండానే తాను తీసేసిన గడి.

ఇప్పుడు చదివాడు.

మొదటి ఆవు నుంచి ఆఖరి ఆవు దాకా, వరసలన్నిటిలోనూ ఒక్క పేరే ఉంది: బీరప్ప.