తెల్ల టేపు మీద పేరు

మ్యాచ్ అయ్యాక అందరూ ఇళ్లకు పోయారు. డ్రెస్సింగ్ రూమ్‌లో డేల్ కోవల్చుక్, జట్టు సామాన్లు చూసే ముసలి ఆర్విల్ మిగిలారు.

"కోచ్ నిన్ను తీసేశాడు. నీ టేపు నువ్వే పీకేసుకో అబ్బాయ్. రేపు కొత్తోడొస్తున్నాడు," అన్నాడు ఆర్విల్.

పదిహేడేళ్లు ఐస్ హాకీ ఆడి, ఆరు పళ్లు రాలగొట్టుకుని, డేల్ చేరిన పదమూడో ఊరు ఇది. ఎక్కడైనా అతనికి దక్కింది ఇంతే: కూర్చునే చోటి పైన, పేరు రాసి అంటించిన తెల్ల టేపు.

గోటితో లాగాడు. కింద ఇంకో టేపు, దాని మీదా తన పేరే. అదీ లాగాడు. దాని కింద పసుపెక్కిన మరొకటి. అదీ తనదే.

ఈ ఊరొచ్చి నాలుగు నెలలే అయింది.

బయట చీకట్లో, ఖాళీగా ఉండాల్సిన మంచు మైదానం మీద ఎవరో స్కేటింగ్ చేస్తున్న చప్పుడు.

"రేపొచ్చేవాడి పేరేంటి?" అడిగాడు డేల్.

కొత్త టేపు మీద అక్షరాలు దిద్దుతున్న ఆర్విల్ తలెత్తలేదు.

"ఏటా ఇదే అడుగుతావు. నీ పేరు నీకు తెలీదా?"