గాడిద చతికిలబడిన రోజు

కొండమీద చింతచెట్టు నక్కది. కొండకింద సంత అందరిదీ. నడుమ మూడు వాగులు దాటి బస్తాలు మోసేది మాత్రం గాడిద.

నక్క సంతలోనే దుకాణం పెట్టింది. చింతకాయలు పెంకులతో సహా అక్కడికే తెప్పించుకుని, పెంకు తీసి, గింజలు ఏరి, పండు అమ్మేది. "బేరం ఎక్కడుంటే పనీ అక్కడే ఉండాలి అల్లుడూ" అనేది మీసం దువ్వుకుంటూ.

ఒకరోజు మేత కోసం దుకాణం వెనక్కి వెళ్ళిన గాడిద, అక్కడ గుట్టపడ్డ పెంకులూ గింజలూ చూసి నోరు తెరిచింది.

"మామా, నా నడుం విరిగేలా మోయించింది ఈ చెత్తనా? రేపటినుంచి ఆ పనేదో చెట్టుకిందే చేసుకో. లేకపోతే నేను రాను."

నక్క సణుగుతూనే ఒప్పుకుంది. నాలుగు బస్తాల బరువు రెండయింది. గాడిద పాట పాడుకుంటూ కొండ దిగింది. సంతంతా చెవులు మూసుకుంది.

ఎండలు ముదిరాక నక్కకు ఇంకో ఆలోచన వచ్చింది.

"నీ మాట బాగా వంటబట్టింది అల్లుడూ! ఈసారి చింతపండు పానకం అమ్ముదాం. పని మొత్తం చెట్టుకిందే!" అంటూ నాలుగు కడవల నిండా పానకం కలిపి, గాడిద వీపుకెత్తబోయింది.

గాడిద ఉన్నచోటే చతికిలబడింది.

"సంతలో బావి ఉంది కదా మామా! నీళ్ళు కూడా ఇక్కణ్ణుంచే మొయ్యాలా?"

నక్క తల గోక్కుంది. "మరి ఏ పని ఎక్కడ చెయ్యాలో తెలిసేదెలా?"

"ఒక్కసారి నువ్వు మోసి చూడు మామా," అంది గాడిద, లేవకుండానే.