నమ్ముతున్నారా అని అడిగిన ఫోను

ప్రభుత్వం నిషేధించిన జోడీపాటల యాప్‌ని తోడికోడలు భూలక్ష్మి కొత్త ఫోన్లో ఎక్కించడానికి, బేబీ నాలుగు నెలల తరవాత ఆ గడప తొక్కింది. ఒకప్పుడు అందులో ఇద్దరూ కలిసి పాడేవారు. ఇప్పుడది స్టోర్లో దొరకదు గనక బేబీయే తన ఫోన్లోంచి ఫైలు పంపింది.

ఫోను అడ్డం తిరిగింది.

“‘ఇది తెలియని చోటునుంచి వచ్చింది. నమ్ముతున్నారా?’ అంటోందే,” పైకి చదివింది భూలక్ష్మి.

“నమ్ముతున్నానని నొక్కండక్కా.”

“ఎలా నొక్కను? మా పుట్టింటివాళ్ళ ముందు నా పీతల పులుసుని ఉప్పుకషాయం అన్నావు.”

“ఆయ్, అన్నానండి. నోరు జారేను. నేనొక్కదాన్నే పాడుతుంటే మా ఆయన రొయ్యల చెరువు దగ్గరికి పారిపోతన్నారండి.”

భూలక్ష్మి నవ్వు ఆపుకుంది. తెర మీద రెండు మాటలు కనిపించాయి: ‘ఎప్పటికీ’, ‘ఈ ఒక్కసారికే’. రెండోది నొక్కింది.

“అదేంటక్కా! రేపు మళ్ళీ అడుగుతాది కదండీ?”

“అడగనీ,” అంది భూలక్ష్మి, కాఫీకి పాలు పొయ్యి మీద పెడుతూ. “నువ్వూ రేపు మళ్ళీ వచ్చి బతిమాలుదువు గాని.”